చిరునామా సరైనదే, చేరిన చోటు వేరు

అంతర్జాలంలో ప్రతి యంత్రానికీ అంకెలతో కూడిన చిరునామా ఒకటి ఉంటుంది. ఆ అంకెలను గుర్తుంచుకొనడం కష్టం గనుక మనం పేర్లు వాడుతాము. నగరపాలక సంస్థ పేరో, బ్యాంకు పేరో టైపు చేయగానే దానికి తగిన అంకెలను వెదకి ఇచ్చే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్‌ఎస్. ఊరికి కొత్తగా వచ్చినవారికి దారి చెప్పే కూడలి దుకాణదారు వంటిది ఇది. ఆ దారి చెప్పేవాడే మోసగాడైతే ఏమవుతుందో 2011లో లోకానికి తెలిసింది.

ఆ సంవత్సరం నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఎస్టోనియా దేశం కేంద్రంగా పనిచేసిన ఒక ముఠాపై అభియోగాలు వెల్లడించింది. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే హానికర ప్రోగ్రాము ద్వారా ఈ ముఠా నూరుకు పైగా దేశాలలో సుమారు 40 లక్షల కంప్యూటర్లను లోబరచుకొన్నది. యజమానికి తెలియకుండా పరుల ఆజ్ఞలకు లోబడిన ఇటువంటి యంత్రాల గుంపునే బాట్‌నెట్ అంటారు. (ఈ మాటకు తెలుగులో స్థిరమైన పదం ఇంకా కుదురుకోలేదు.) ప్రోగ్రాము చేసిన మార్పు చిన్నది: ఏ డీఎన్‌ఎస్ సర్వరును అడగాలో తెలిపే అంకెలను తొలగించి, ముఠా నడిపే సర్వర్ల అంకెలను అక్కడ ఉంచింది. అప్పటినుండి వాడుకరి సరైన పేరే టైపు చేసినా, ముఠా కోరిన పుటలు, ప్రకటనలు తెరపైకి వచ్చేవి. యాంటీవైరస్ నవీకరణలు కూడా అందకుండా పోయేవి.

ముఠా సర్వర్లను ఒక్కసారిగా ఆపివేస్తే బాధితులందరికీ అంతర్జాలమే అందదు. అందుచేత న్యాయస్థానం ఉత్తర్వు మేరకు, వాటి స్థానంలో నమ్మదగిన సర్వర్లను ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్షియం అనే లాభాపేక్ష లేని సంస్థ 2012 జూలై 9 వరకు నడిపింది. ఎన్ని హెచ్చరికలు వెలువడినా, గడువు నాటికి రెండు లక్షలకు పైగా యంత్రాలు శుభ్రపడనే లేదు. పని సాగుతున్నంతవరకు ఎవరికీ అనుమానం రాకపోవడమే ఈ వ్యాధిలోని చిక్కు.

ఆ ప్రోగ్రాము కంప్యూటరుతో ఆగక, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డు మార్చని వైఫై రూటర్లలోకీ చొరబడజూచింది. ఒకే రూటరుపై మూడు, నాలుగు అద్దె వాటాలు ఆధారపడే మన పేటలలో ఇది గమనింపదగిన విషయం. రూటరులోని డీఎన్‌ఎస్ అంకెలు మారితే దానితో కలిసిన ఫోన్లన్నీ దారి తప్పవచ్చును. ఏ ఒక్క ఫోనును శుభ్రపరచినా ఫలితముండదు. అంతర్జాల సేవ అందించే సంస్థవారిని పిలిపించి ఆ అంకెలు సరిచూపించుకోండి. ఇంటి పన్ను, నీటి బిల్లు చెల్లించే పుటలోగాని, స్వగ్రామానికి డబ్బు పంపే బ్యాంకు పుటలోగాని భద్రతా ధ్రువపత్రం సరికాదన్న హెచ్చరిక కనబడితే ముందుకు సాగవద్దు.

బాట్ ప్రోగ్రాములను తొలగించే సాధనాలను భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుండి ఉచితంగా అందిస్తున్నది. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయవలెను. రూటరు వెనుకనున్న రీసెట్ మీట నొక్కితే తప్పుడు అంకెలతోపాటు మీరు పెట్టిన పాస్‌వర్డు కూడా చెరిగి, తయారీదారు ఇచ్చిన పాతదే తిరిగి వస్తుంది. దానిని వెంటనే మార్చుకోండి.