గంట ఎగిరితే మూడు టిక్కీల మిర్చి

చిన్న విమానం అద్దెకు తీసుకుంటే బిల్లు వేసేది దూరానికి కాదు, గంటకు. పైలట్ ముందున్న పలకలో ఓ మూలన హాబ్స్ మీటర్ ఉంటుంది. ఇంజిన్ అంటుకున్నప్పటి నుంచి ఆపేదాకా ఆరు నిమిషాలకో అంకె చొప్పున జరుగుతూ పోతుంది. అమెరికాలో నాలుగు సీట్ల సెస్నా 172కు పెట్రోలుతో కలిపి గంటకు 150 నుంచి 200 డాలర్ల దాకా పలుకుతుంది. 170 అనుకుందాం. డాలరు 85 రూపాయలుగా పట్టుకుంటే 14,450 రూపాయలు.

గుంటూరు మిర్చి యార్డు లెక్కలో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. ధరలు పడిపోయినప్పుడు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ ధరకు ఒక గంట ఎగరడమంటే దాదాపు 123 కేజీల మిర్చి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కేజీలనుకుంటే మూడు టిక్కీలు. రన్‌వే ముందు మన వంతు వచ్చేదాకా ఇంజిన్ తిరుగుతుండగా ఆగిన ఆరు నిమిషాలకే పన్నెండు కేజీలు పోతాయి.

ఇలా ఎగురుతూ చౌకగా విహారయాత్ర చేయొచ్చంటారు కొందరు. మరి ఇంత ఖరీదైన పనిని చౌక విహారయాత్రతో ముడిపెట్టడం ఏమిటి? ముడి పడేది ఒక్కచోటే. కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలనుకునేవాళ్లు ఆ గంటలు ఎలాగూ ఎగరాలి, ఆ డబ్బు ఎలాగూ కట్టాలి. ఒకే ఊరి మీద గిరగిరా తిరిగి గంటలు పోగేసుకుంటారో, పక్క సీట్లో భార్యనో భర్తనో కూర్చోబెట్టుకుని సముద్రం దాకా వెళ్లొస్తారో వాళ్ల ఇష్టం. లైసెన్సు అక్కర్లేనివాళ్లకు మాత్రం ఇది చౌక బేరం కాదు, ఎవరెంత ఊరించినా.

ముందు మన నేల సంగతి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో విమానం దిగగల జాగాలు లేకపోలేదు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఎయిర్‌ఫీల్డు ఉంది. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. కొరిశపాడు, రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీదే 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున అత్యవసర రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న, మళ్లీ 2024 మార్చి 18న వైమానిక దళం దాని మీద విన్యాసాలు చేసింది. రోడ్డు పక్కన నిలబడి సుఖోయ్ యుద్ధవిమానాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే వీటిలో ఒక్కటీ శనివారం పొద్దున్నే ఇద్దరూ పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లి విమానం ఎక్కే చోటు కాదు. అందుకు గన్నవరం విమానాశ్రయమే దిక్కు.

మ్యాపు మీద మాత్రం చక్కటి ప్రయాణం కనిపిస్తుంది. గన్నవరం నుంచి తిరుపతికి గాలిలో సుమారు 190 నాటికల్ మైళ్లు. అక్కణ్నుంచి కడపకు 70, కడప నుంచి మళ్లీ గన్నవరానికి 170. మొత్తం 430. కమర్షియల్ లైసెన్సుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, ఆ నూరులో 20 గంటలు ఊరు దాటిన క్రాస్‌కంట్రీ. ఆ ఇరవైలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, మధ్యలో రెండు వేరే విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. దూరం ప్రకారం చూస్తే తిరుపతి, కడప చుట్టు ఆ లెక్కకు సరిపోతుంది. వెంకన్న దర్శనం అదనం.

కథ అడ్డం తిరిగేది ఇక్కడే. స్థానిక పరిధి దాటి ఎగిరే ప్రతి ప్రయాణానికీ ఫ్లైట్ ప్లాను, వైమానిక దళం ఇచ్చే గగనతల రక్షణ అనుమతి (ఏడీసీ) నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (ఎఫ్ఐసీ) నంబరు ఉండాలి. ఈ చిన్న ఇంజిన్లు తాగేది ఏవ్‌గ్యాస్. పెద్ద విమానాలకు పోసే ఏటీఎఫ్ వీటికి విషం. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో ఏవ్‌గ్యాస్ తయారీ ప్రకటించింది 2022లో. అంతకు ముందు దిగుమతే. ఈనాటికీ అది అడిగిన విమానాశ్రయంలోనల్లా దొరికే సరుకు కాదు. ఇక ట్రైనింగ్ స్కూళ్ల విమానాలు విద్యార్థుల వరసకే చాలవు, శుక్రవారం తీసుకెళ్లి ఆదివారం తెచ్చిస్తామంటే ఇచ్చేదెవరు? దేశం మొత్తం మీద నడుస్తున్న విమానాశ్రయాలు 160 దరిదాపుల్లో ఉంటే, అమెరికాలో ఎవరైనా దిగగలిగినవి సుమారు 5,000. వాతావరణం బాగున్న పగటిపూట, నియంత్రిత గగనతలానికి దూరంగా ఎగిరేవాళ్లు అక్కడ ఫ్లైట్ ప్లాను కూడా వేయనక్కర్లేదు.

కాబట్టి లెక్క డాలస్‌లో వేద్దాం. మనవాళ్లు అక్కడ ఎటూ పేటపేటలుగా ఉన్నారు. ఒక జంటను ఊహించుకోండి: ఆమెది నరసరావుపేట, అతనిది అద్దంకి, ఇద్దరికీ ఉద్యోగాలు. పైలట్ ఆమె. పౌరసత్వం లేనివాళ్లు శిక్షణ మొదలుపెట్టే ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి. అది అయ్యి, ప్రైవేటు లైసెన్సు చేతికొచ్చేసరికి ఆమె లాగ్‌బుక్‌లో 65 గంటలున్నాయనుకుందాం. చట్టం 40 చాలంటుంది గానీ, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవాళ్లు నలభైతో బయటపడటం అరుదు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సాధారణ పద్ధతిలో కమర్షియల్ లైసెన్సుకు 250 గంటలు కావాలి. ఇంకా 185 మిగిలాయి. మబ్బుల్లో పరికరాలు చూసి నడిపేందుకు కావాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకు, కమర్షియల్ శిక్షణకు కలిపి గురువు పక్కన ఉండేవి ఓ యాభై, తప్పనిసరి ఒంటరి గంటలు పది తీసేస్తే 125 గంటలు ఆమె చేతిలో ఉంటాయి. వాటి ఖరీదు 21,250 డాలర్లు, మన డబ్బులో 18 లక్షల పైచిలుకు. దేశమంతా ఎగిరినా, పెరట్లోనే ఎగిరినా ఇది మారదు. ఎఫ్ఏఏ ఆమెను 50 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా క్రాస్‌కంట్రీ కూడా చేయమంటుంది. బయల్దేరిన చోటుకు సూటిగా 50 నాటికల్ మైళ్లకు మించిన దూరంలో దిగితేనే అది క్రాస్‌కంట్రీ. అంటే ప్రభుత్వమే యాత్ర చేయమని రాసిచ్చినట్టు.

ఇక గాల్వెస్టన్ వెళ్దాం. డాలస్ పక్కనున్న ఆడిసన్ నుంచి సూటిగా 245 నాటికల్ మైళ్లు. హ్యూస్టన్ మీది రద్దీని తప్పించుకుని చుట్టూ వెళ్తే 255. సెస్నా 172 గంటకు 110 నాటికల్ మైళ్ల (110 నాట్ల) వేగంతో పోతే, నేల మీద దొర్లే సమయం కలుపుకుని రెండున్నర గంటలు. రానూపోనూ ఐదు గంటలు, 850 డాలర్లు. అదే కారులో అయితే పెట్రోలు 60 డాలర్లు దాటదు. ప్రయాణంగా చూస్తే పద్నాలుగు రెట్లు దండగ. కానీ ఆ 850 లైసెన్సు ఖాతాలోది. విహారం ఖాతాలో పడేవి రెండు రాత్రులు మోటెల్‌కు 180, తిండికి 120, విమానం కట్టేసుకోవడానికీ చిల్లరమల్లరకూ 30. మొత్తం 330 డాలర్లు. పెద్ద విమానాశ్రయాలు వదిలి పల్లెటూరి ఫీల్డుల్లో దిగితే ఇంకో సుఖముంది: చాలాచోట్ల దిగిన పైలట్లు భోజనానికి వెళ్లొచ్చేందుకు ఒక పాత కారు తాళాలతో సహా పెట్టి ఉంచుతారు. పెట్రోలు పోసి తెచ్చిస్తే చాలు.

ఇప్పుడు రెండు సీట్ల సెస్నా 152 సంగతి చూడండి. అద్దె 125 అనుకుంటే, వేగం 95 నాట్లే కాబట్టి అదే గాల్వెస్టన్‌కు రానూపోనూ 5.8 గంటలు, 725 డాలర్లు. డబ్బు 125 తక్కువ, లాగ్‌బుక్‌లో గంటలు 0.8 ఎక్కువ! ఊరు చేరాలనుకునేవాడికి వేగం కావాలి, గంటలు కావాలనుకునేవాడికి నిదానమే ప్రధానం. కొన్ని క్లబ్బులు హాబ్స్ మీద కాకుండా ఇంజిన్ చుట్లను బట్టి జరిగే ట్యాక్ మీటర్ మీద బిల్లు వేస్తాయి. నేల మీద నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కు ఆ మీటరు కూడా నెమ్మదిగానే జరుగుతుంది. గంటకు నాలుగు డాలర్లు ఎక్కువైనా అలాంటి క్లబ్బే మేలంటాను.

నూట యాభై రెండుకు ఒక చిక్కుంది: బరువు. అది మోయగల మొత్తం 757 కేజీల్లో విమానం సొంత బరువు పోను 240 దాకా మిగులుతుంది. నిండా పెట్రోలు 67 కేజీలు. ఆమె 62, అతను 75 అయితే సామానుకు 36 మిగిలాయి. అతను 90, ఆమె 75 అయితే మిగిలేది 8. అంటే ఒక బ్యాగు, ఒక ఆవకాయ సీసా, అంతే. అప్పుడు పెట్రోలు తగ్గించుకుని మధ్యలో ఒకసారి దిగాలి. అదీ మంచిదే, ఈ విమానాల్లో బాత్‌రూమ్ ఉండదు. రెండు గంటలకో మజిలీ అని ముందే ఒప్పుకున్న జంటలు సుఖంగా ఉంటాయి. ఆవకాయ సీసా మూత మాత్రం గట్టిగా బిగించి, పైన కవరు చుట్టాలి. 7,500 అడుగుల ఎత్తులో గాలి పీడనం నేల మీదకంటే దాదాపు పావు వంతు తగ్గుతుంది. చేగోడీల ప్యాకెట్ ఉబ్బిపోతుంది, సరిగా బిగించని సీసా నూనె కక్కుతుంది.

ఎండాకాలం మరో లెక్క. మేలో రెంటచింతల 45 డిగ్రీలకు చేరితే, 360 అడుగుల ఎత్తున్న ఆ నేల మీదే విమానం రెక్కలకు, ఇంజిన్‌కు 4,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు గాలి పలచబడుతుంది. డాలస్‌లో 38 డిగ్రీల మధ్యాహ్నం కూడా దరిదాపు అంతే, 3,500. రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కడం నెమ్మదిస్తుంది, పొలాల మీది వేడిగాలి కుదుపులకు పక్కనున్న మనిషికి కడుపులో తిప్పుతుంది. పొద్దున ఆరింటికి ఎగిరి పదింటికల్లా దిగడం ఇద్దరికీ మంచిది. ఒక్కసారి కుదుపుల్లో చిక్కిన భర్త రెండోసారి రానంటే, ఈ పథకమంతా అక్కడితో ఆగుతుంది.

పైలట్ కాని ఆ రెండోమనిషి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విమానాల యజమానులు, పైలట్ల సంఘం ఏఓపీఏ అలాంటివాళ్ల కోసమే పించ్ హిట్టర్ అని ఒక పాఠం పెట్టింది. రేడియో ఎలా వాడాలి, పైలట్‌కు ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలి వంటివి నేర్పుతారు. 125 గంటల్లో పక్కన కూర్చోబోయే మనిషికి అది దండగ ఖర్చు కాదు.

అన్ని గంటల్లోనూ కూర్చోనివ్వరు కూడా. లైసెన్సుకు కావాల్సిన ఒంటరి ప్రయాణాల్లో పెద్దది: మొత్తం 300 నాటికల్ మైళ్లు, మూడు చోట్ల దిగాలి, అందులో ఒకటి బయల్దేరిన చోటుకు సూటిగా 250 నాటికల్ మైళ్లకు తగ్గని దూరంలో ఉండాలి. ఆడిసన్ నుంచి లబ్బక్ సుమారు 253, అచ్చంగా సరిపోతుంది. అమెరికాలో పత్తి ఎక్కువ పండే రాష్ట్రం టెక్సస్, అందులో లబ్బక్ చుట్టుపక్కల నేలంతా పత్తే. అద్దంకి రైతు కొడుకు చూసి తీరాల్సిన చోటు. కానీ ఆ రోజు పక్క సీటు ఖాళీగా ఉండాలి, లేదా గురువు కూర్చోవాలి. భర్త కారులో ముందే వెళ్లి అక్కడ ఎదురు చూడాలే గానీ విమానం ఎక్కకూడదు.

సంగతి తెలిశాక స్నేహితులు ఊరుకోరు. "మేమూ వస్తాం, ఖర్చు మేం పెట్టుకుంటాం" అంటారు. ప్రైవేటు పైలట్ ఖర్చు పంచుకోవచ్చు గానీ తన వాటాకు తగ్గకూడదు. నలుగురెక్కితే అద్దె, పెట్రోలు, విమానాశ్రయం రుసుముల్లో కనీసం నాలుగో వంతు ఆమె పెట్టుకోవాలి. అంతకంటే ఒక్క డాలరు తక్కువ పెట్టినా అది కిరాయికి నడిపినట్టే, లైసెన్సుకే ఎసరు. పైగా 172 మోయగలిగేది 400 కేజీల దరిదాపు. 75 కేజీల మనుషులు నలుగురైతే 300, నిండా పెట్రోలు 144. సామాను ఎక్కించకముందే 44 కేజీలు ఎక్కువ. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురికి మాటివ్వొద్దు.

బయల్దేరే ముందు క్లబ్బు కాగితంలో చూడాల్సింది రోజువారీ కనీస గంటల షరతు. రోజుకు రెండు గంటలంటే శుక్ర, శని, ఆది కలిపి ఆరు. ఎగిరింది ఐదే అయితే ఎగరని గంటకు 170 కట్టాలి. దానికి బదులు శనివారం పొద్దున్నే తీరం వెంబడి ఓ గంట తిరిగొస్తే, డబ్బు అంతే, లాగ్‌బుక్‌లో గంట చేరుతుంది. బయట కొన్న పెట్రోలు రసీదులు దాచుకోవాలి. క్లబ్బులు తమ ఊరి ధర మేరకే తిరిగిస్తాయి, ఆ పైది మన నెత్తిన.

ఆదివారం సాయంత్రం మబ్బు దిగితే? సోమవారం ఆఫీసుందని, విమానం అప్పగించాలని ఆదరాబాదరా మబ్బుల్లోకి వెళ్లినవాళ్ల కథలు ప్రమాద నివేదికల్లో కొల్లలు. ఒక రాత్రి అదనంగా మోటెల్‌కు 90, క్లబ్బు కనీస షరతుకు రెండు గంటల అద్దె 340, తిండికి 60, అన్నీ కలిపి 490 డాలర్లు. విహారానికి అనుకున్న 330 కంటే ఇదే ఎక్కువ. ఆ 490 చేతిలో లేనప్పుడు గాల్వెస్టన్‌కు కారులోనే వెళ్లాలి.