చంద్రగిరి జెస్యూట్ మిషను

చంద్రగిరి జెస్యూట్ మిషను, విజయనగర సామ్రాజ్యపు చివరి రాజధానులలో ఒకటైన చంద్రగిరిలో 1598లో ఆరంభమైన క్రైస్తవ మిషను. చంద్రగిరి ప్రస్తుతం తిరుపతి జిల్లాలో, తిరుపతి పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. తిరుమల కొండకు ఇంత సమీపాన, వేంకటేశ్వరుని పరమభక్తుడైన చక్రవర్తి అనుమతితోనే ఈ మిషను ఏర్పడుట దీని ప్రత్యేకత.

నేపథ్యం

1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులు రాజధానిని పెనుకొండకు తరలించారు. ఆరవీటి వంశీయుడైన రెండవ వేంకటపతి రాయలు (పాలన 1586-1614) 1592 ప్రాంతంలో దానిని చంద్రగిరికి మార్చాడు. అప్పటికి చెన్నపట్నం లేదు. తీరంలోని మైలాపూరు వద్ద శాంథోమ్ అనే పోర్చుగీసు స్థావరం ఉండేది.

పోర్చుగీసువారితో అంతకు ముందున్న సంబంధాలు సాఫీగా సాగలేదు. 1540ల దశకంలో గోవా గవర్నరు మార్టిమ్ అఫోన్సో డి సౌసా తిరుమల ఆలయాన్ని దోచుకొనుటకు నౌకాదళంతో బయలుదేరి, మధ్యలోనే విరమించుకొన్నాడు. 1558లో అళియ రామరాయలు శాంథోమ్‌పై దండెత్తాడు.

రాజధానిలో మతవైవిధ్యం

వేంకటపతి రాయలు శ్రీవైష్ణవుడు. పూర్వపు రాజుల శాసనాలలో చేవ్రాలుగా ఉండిన "శ్రీ విరూపాక్ష" స్థానంలో ఇతని కాలంలో "శ్రీ వేంకటేశ" వచ్చినది. ఇతని బంగారు నాణెములపై విష్ణుమూర్తి రూపం కనిపిస్తుంది. తిరుమల ఆలయంలో ఇతని లోహ విగ్రహం నేటికీ ఉన్నది. రాజగురువు వైష్ణవాచార్యుడైన తాతాచార్యులు. అయినప్పటికీ శైవాద్వైత పండితుడు అప్పయ్య దీక్షితులు తన అలంకార గ్రంథమైన కువలయానందాన్ని వేంకటపతి ఆదేశంతో రచించినట్లు చెప్పుకొన్నాడు. కోటలోని రాజమహల్ నిర్మాణంలో హిందూ, ఇస్లామిక్ శైలులు రెండూ కలిసి ఉన్నాయి.

మిషను ఏర్పాటు

1598లో శాంథోమ్ నుండి సిమోన్ డి సా, ఫ్రాన్సెస్కో రిచియో మొదలైన జెస్యూట్ ఫాదరీలు చంద్రగిరికి వచ్చారు. చర్చి కట్టుటకు, శిలువలు నిలుపుటకు, ఇష్టపడినవారిని మతంలో చేర్చుకొనుటకు రాజు అనుమతించాడు. రిచియో తెలుగు నేర్చుకొన్నాడు. ఆ తరువాతి సంవత్సరాలలో అలెగ్జాండర్ ఫ్రే, బార్తొలోమియో ఫోంతెబోనా అనే జెస్యూట్ చిత్రకారులు రాజాస్థానంలో చిత్రాలు గీశారు. రాజు ఫాదరీలతో మతవిషయాలను చర్చించేవాడని వారి లేఖల వలన తెలుస్తున్నది. 1580లో అక్బరు ఆస్థానానికి వెళ్ళిన జెస్యూట్‌లకు కూడా ఇటువంటి ఆదరణే లభించినది.

ఆదరణకు కారణాలు

దీనిని కేవలం పరమతసహనంగా గాని, కేవలం రాజకీయంగా గాని భావించుట సరి కాదు. ఉత్తరాన మొగలుల ఒత్తిడి పెరుగుచుండగా, సముద్రంపై బలమున్న పోర్చుగీసువారి స్నేహం రాజుకు అవసరమైనది. ఫాదరీలు ఆ స్నేహానికి వారధిగా ఉపయోగపడ్డారు. అయితే ఆ అవసరం వలన రాజు తన విశ్వాసాన్ని మార్చుకొనలేదు, ఆస్థానంలోని వాదప్రతివాదాలనూ ఆపలేదు.

ముగింపు

1600ల మొదటి దశాబ్దంలో రాజధాని వేలూరుకు మారగా ఫాదరీలు కూడా అక్కడికి చేరారు. 1610లో పులికాటులో స్థావరానికి డచ్చివారికి రాజు అనుమతి ఇచ్చుటతో పోర్చుగీసువారితో వైరం ముదిరినది. 1611 ప్రాంతంలో, పోర్చుగల్‌ను కూడా ఏలుచున్న స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్ ఆజ్ఞతో మిషను మూతపడినది. మతం మారినవారు చాలా తక్కువ. స్నేహం ఆధారంగా నిలిచిన మిషను, ఆ స్నేహం చెడిన వెంటనే ముగిసినది.

చారిత్రక ప్రాధాన్యం

ఫాదరీల లేఖలు నాటి రాజధాని జీవితానికి ముఖ్యమైన ఆధారాలు. 1614లో వేంకటపతి మరణానంతరం జరిగిన వారసత్వ యుద్ధాన్ని మాన్యుయెల్ బర్రాదాస్ అనే జెస్యూట్ 1616లో వ్రాసిన లేఖ వివరిస్తుంది. హెన్రీ హెరాస్ 1927లో ప్రకటించిన ఆరవీటి వంశ చరిత్రకు ఇటువంటి లేఖలే ప్రధానాధారం. ఈ లేఖలు పరమతస్థుల దృష్టితో వ్రాసినవి. కనుక హిందూ ఆచారాలపై వాటిలోని వ్యాఖ్యలను శాసనాలతో, తెలుగు, సంస్కృత రచనలతో పోల్చి చదువవలసి ఉంటుంది.