మూసీ నదిలో కూలిన వంతెన: ఒక దృశ్యనమూనా

సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్లముందు ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి, నడుమ అద్దపు ముక్కను చెరువుగా అమర్చుట మన యిండ్లలో పిల్లలెల్లరు ఎరిగిన విద్యయే. ఆ చెరువులోని బాతు గట్టునున్న గుడికంటె పెద్దదైనను ఎవ్వరును తప్పు పట్టరు. డయోరమా అను పేర ప్రసిద్ధమైన దృశ్యనమూనాకు ఈ స్వేచ్ఛ లేదు. అందులో మనిషి, చెట్టు, రాయి, నీరు అన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గవలెను. కంటితో చూడవలసిన దానిని చెవికి చెప్పబూనుట కొంత సాహసమే. అయినను కొలతలు మాటలకు లొంగును కనుక ప్రయత్నించుచున్నాము.

ఎండిన యేరు, కూలిన వంతెన అనునవి నమూనాలు చేయువారికి మిక్కిలి ఇష్టమైన వస్తువులు. కొత్త వంతెన కడితే గీత వంకర పోయినచో వెంటనే తెలియును. శిథిలమునందు ఆ భయము లేదనియు, నాలుగు రాళ్లు చల్లి చాలించవచ్చుననియు పలువురి తలంపు. మేము దీని నంగీకరింపము. కూలిన వంతెనకు కూలిన కారణ ముండును. ఆ కారణము నీరైనప్పుడు, ఏ దిమ్మె నిలిచినది, ఏ రాయి ఎచట పడినది, ఇసుక ఎటు మేట వేసినది అను ప్రతి ప్రశ్నకును నీరే సమాధానము చెప్పును. కనుక ఊహలోని యేటిని విడిచి నిజముగా జరిగిన ఒక ఘటనను గైకొందము.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు నగరము మరువరానిది. మూసీ పెద్దనది కాదు. అనంతగిరి కొండలలో పుట్టి, నగరము నడుమగా పడమటినుండి తూర్పునకు సాగి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. వేసవిలో పిల్లలు నడచి దాటగలిగిన యేరది. ఆనాడు నగరమునకు ఎగువన షంషాబాదు ప్రాంతమున 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసినది. నదీ పరివాహక ప్రాంతమందలి 788 చెరువులలో 221 చెరువులు తెగినవి. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువు కట్టను త్రెంచుట, ఆ రెండింటి నీరు మూడవదానిపై పడుట, ఇట్లు గొలుసుకట్టుగా తెగి, సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు నగరముపై పడినట్లు లెక్క కట్టిరి. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడును కొట్టుకొనిపోయినవి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన పురానాపూల్ ఒక్కటే రెండు గట్లను కలుపుచు మిగిలినది. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఈ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి, ఆ యింటిలో తానొక్కడే బ్రతికి బయటపడెను. నమూనా చేయుటకు కూర్చొన్నవారు జిగురుసీసా మూత తీయుటకు ముందు ఈ సంగతులు తెలిసికొని యుండుట మంచిది.

ఇక కొలత. నూరింట ఒక వంతు మనకు అనువైనది. అనగా నిజములోని మీటరు నమూనాలో సెంటీమీటరు. చిన్నపిల్లలు కూడ లెక్క తప్పరు. పురానాపూల్ కొలతలు అందుబాటులో నున్నవి కనుక వానినే కొలబద్దగా ఉంచుకొందము. అది 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, నదీగర్భమునుండి 54 అడుగుల ఎత్తు, 22 ఖానాలు గల వంతెన. నమూనాలో పొడవు 183 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 11, ఎత్తు 16న్నర సెంటీమీటర్లు అగును. పొడవును 22చే భాగించిన ఒక్కొక్క ఖానాకు, దాని దిమ్మెతో కలిపి, ఎనిమిది సెంటీమీటర్లకు కొంచెము పైన వచ్చును. వంతెన నంతయు కట్టవలసిన పని లేదు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్కపలక తీసికొని, ఒక చివర 20 సెంటీమీటర్లు ఉత్తరపు గట్టునకు విడిచి, మిగిలిన దానిలో దాదాపు ఐదు ఖానాల జాగా ఉంచిన చాలును. వంతెనకు ఎగువన రమారమి పది సెంటీమీటర్లు, దిగువన రమారమి ఇరువది సెంటీమీటర్లు ఖాళీ ఉండవలెను. కూలిన రాళ్లు దిగువకే పోవును గదా! ఈ కొలతలో మనిషి యెత్తు 1.7 సెంటీమీటర్లు, అనగా రమారమి చింతగింజంత. ఆనాడు ఒక్క సెకనులో వచ్చిన నీటిని మూడు దిశలను ఇదే నిష్పత్తిలో తగ్గించినచో 12 లీటర్లగును. ఒక బకెట్టు నీరు. ఆ బకెట్టు ప్రక్కన చింతగింజను నిలువబెట్టి చూచినవారికి వరద యెట్టిదో తెలియును.

నమూనా అతికించుటకు ముందు ఒక చిన్న ప్రయోగము చేయవలెనని మా మనవి. సబ్బుబిళ్లలను కోసి, పైన వెడల్పు, క్రింద సన్నము ఉండునట్లు కమాను రాళ్లు తయారు చేయుడు. గుండ్రని డబ్బా నొకదానిని ఆధారముగా పెట్టి దానిపై ఆ రాళ్లను జిగురు లేకుండ పేర్చుడు. ఇరుప్రక్కల దిమ్మెలు కదలకుండ పట్టుకొని డబ్బాను మెల్లగా లాగివేసినచో కమాను తనంతట నిలుచును. బరువు క్రిందికి దిగుటయే గాక ప్రక్కలకు తోయుచున్నదని చేతికే తెలియును. ఇప్పుడు రెండు కమానులను ఒకే దిమ్మెపై కలియునట్లు పేర్చుడు. నడిమి దిమ్మెను పట్టుకొనవలసిన పని లేదు. ఎడమ కమాను తోపును కుడి కమాను తోపు ఆపుచుండును. ఒక కమానును తీసివేయుడు. దిమ్మె ఖాళీవైపునకు ఒరిగి, రెండవ కమాను కూడ దిగజారును. వంతెనలో ఒక దిమ్మె పోయినచో దానితోనే పోవునది ఒక్క ఖానా కాదు. దిమ్మె సన్నమైనచో వరుసగా పోవుచుండును. ఒడ్డున భారీగా కట్టిన గోడ వచ్చువరకు ఆ కూలుట ఆగకపోవచ్చును. అందుచేతనే మన నమూనాలో ఒడ్డు నానుకొన్న మొదటి ఖానా పూర్తిగా నిలిచి, రెండవదానికి మొదలు మాత్రము మిగిలి, మూడవది, నాలుగవది మాయమై, ఐదవచోట దిమ్మె మొండెము మాత్రము ఉండుట న్యాయము.

దిమ్మె మొదట ఎట్లు పోయినదను ప్రశ్న ఇంకొకటి. నీరు వంతెనను దిగువకు నెట్టి కూల్చినదని సామాన్యముగా అనుకొందుము. నీటి తోపును, చెట్లు దూలములు ఖానాలకు అడ్డుపడి పెంచిన ఒత్తిడిని తక్కువ చేయరాదు. కాని ఎక్కువ అపకారము కంటికి కనబడనిచోట జరుగును. ప్రవాహము దిమ్మె ముక్కునకు తగిలి, క్రిందికి మళ్లి, పునాది ముందరి ఇసుకను గుఱ్ఱపునాడా ఆకారమున తోడివేయును. గోతి ఎగువవైపున ఎక్కువ లోతు. అందుచే దిమ్మె నీరు వచ్చు దిక్కునకే తల వాల్చుట కద్దు. ఈ ఒక్క సంగతి తెలిసినవాని నమూనాకును తెలియనివాని నమూనాకును ఎంతో భేదము కనబడును. మొండెమును ఎగువకు కొంచెము వాల్చి, దాని ముందు గోతిని, వెనుక తోకవలె సాగిన ఇసుకమేటను చూపవలెను.

విరిగిన కమానును కత్తితో కోసినట్లు నిటారుగా తెగనీయరాదు. రాతికట్టు అతుకులవెంట మెట్లు మెట్లుగా విడిపోవును. దిమ్మెకు అంటుకొని మొదటి రెండు మూడు కమాను రాళ్లు గాలిలోనికి పొడుచుకొని మిగులును. పైముఖమున చెక్కిన రాయి ఉన్నను లోపలంతయు గులకరాళ్లు, సున్నము, మట్టి కలిపి నింపినదే. కనుక తెగినచోట లోపలి తెలుపు, ఎరుపు కనబడవలెను. ఎండకు వానకు నల్లబడిన వెలిముఖమునకును, కొత్తగా పగిలిన ముఖమునకును రంగు ఒకటి కాదు. దట్టమైన ఫోము పలకపై కత్తిమొనతో అతుకులు గీసి, పలుచని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూతపూసి, బూడిదరంగులో కించిత్తు గులాబి కలిపి వేసినచో హైదరాబాదు నల్లరాతి పోలిక వచ్చును. రంగు ఒకే మారు వేయక, పలుచగా మూడు నాలుగు మారులు వేయవలెను.

నదీగర్భమునకు అసలైన ఇసుకకంటె మంచిది లేదని తోచును. ఇక్కడనే పలువురు మోసపోవుచుందురు. మన కొలతలో ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు పది సెంటీమీటర్ల రాయి యగును! ఇసుకను జల్లెడపట్టి, ముతకదానిని గులకరాళ్లుగాను, సన్నదానిని గుప్పెడు రాళ్లుగాను వాడుకొని, ఇసుకకు బదులు రాతిపొడిని వైద్యులు చూర్ణములకు చేయునట్లు వస్త్రగాలితము పట్టవలెను. అడుగున ధర్మోకోలు చెక్కి గర్భపు ఎత్తుపల్లములు ఏర్పరచి, కాగితపు గుజ్జు పూసి, ఆరిన పిదప తెల్లజిగురును నీటితో కలిపి పోసి ఈ పొడులను చల్లవలెను. మూసీ గర్భమందు పరుపుబండలు పైకి తేలియుండును. రెండుచోట్ల అట్టి బండలు చూపినచో చోటు గుర్తింపునకు వచ్చును. చదునైన రాళ్లు వరద పోయిన పిదప ఒకదానిపై నొకటి పెంకులవలె ఒరిగి, పల్లపుముఖము ఎగువకు చూపుచు పడియుండును. బరువైన కమాను రాళ్లు వంతెనకు దగ్గరగను, చిన్నవి దూరముగను పడును. చెట్లమోడులు, ఇంటి దూలములు, గడ్డివాముల తుక్కు నిలిచిన దిమ్మెలకు ఎగువ ముఖమునందే చిక్కుకొనును. దిగువ ముఖమున తుక్కు అంటించిన నమూనాలు మేము చాల చూచితిమి.

వరదగుర్తును గూర్చి ఒక్క మాట. నీరు నిలిచిన ఎత్తున గోడలపై బురదచార మిగులును. దీనిని అందముకొరకు హెచ్చుతగ్గులుగా గీయరాదు. పలకకు దిగువన నీరు నింపిన సన్నని గొట్టముతోనో, బల్లపై నిలిపిన పెన్సిలుతోనో మట్టము చూచి, గట్టు, గోడ, చెట్టు అన్నింటిపై ఒకే ఎత్తున గీయవలెను. కొమ్మలకు వ్రేలాడు గడ్డిపోచలును ఆ గీతను దాటరాదు.

వరద తీసిన మూడవనాటి దృశ్యమును చూపుట మేలు. ఉరకలువేయు వరదను జిగురుతో చూపబోయినచో సబ్బునురుగువలె ఉండును. తీసిన యేటిలో రెండు పాయలు, దిమ్మెల గోతులలో నిలిచిన మడుగులు చాలును. ఎపాక్సీ రెజిను పోయుటకు ముందు గర్భమును జిగురుపూతతో రెండు మారులు మూయవలెను, లేనిచో బుడగలు పైకి వచ్చును. రెండు మూడు మిల్లీమీటర్లకు మించని పొరలుగా పోసి, ఒకటి గట్టిపడిన పిదపనే రెండవది పోయవలెను. ఆ పని గాలి వెలుతురు గల చోట, చేతులకు తొడుగులతో, పెద్దలు చేయవలసినది. రంగు నీలము కాదు. పాలు ఎక్కువైన తేనీటి రంగు.

మనుషులను పెట్టుటయా, మానుటయా? మా అభిప్రాయమున శవములను చూపరాదు. చింతగింజంత బొమ్మతో ఆ దుఃఖము చెప్పజాలము, ఆటవస్తువుగా మారును. బురదలో సగము మునిగిన తలుపు, తిరుగబడిన నులకమంచము, ఒక రాగిబిందె చాలును. గట్టుపైన మాత్రము ఒక చింతచెట్టు ఉండవలెను. అఫ్జల్‌గంజ్ ప్రక్కన, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలపై కెక్కి 150 మందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని నగరమున ప్రసిద్ధి. పాత విద్యుత్తీగల రాగిపోగులను మెలివేసి మాను, కొమ్మలు చేసి, రంపపుపొట్టును వస్త్రగాలితము పట్టి పచ్చరంగు వేసి చల్లవలెను. చింతాకు ఈ కొలతలో కనబడనంత చిన్నది. చెట్టు ఎత్తు పదునెనిమిది సెంటీమీటర్లు ఉండవచ్చును. వరదగీత పైకొమ్మలకు దిగువనే ఆగవలెను.

పలక అంచున అతికించు చీటిపై నిష్పత్తిని, తేదీని, నీరు వచ్చు దిక్కును బాణముగుర్తుతో వ్రాయవలెను. ఇది ఏ ఒక్క వంతెనకు ప్రతిబింబము కాదనియు, పురానాపూల్ కొలతలతో ఊహించిన కూలిన భాగమనియు అందులోనే చెప్పవలెను. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవని రెండు వాక్యములు చేర్చినచో, ఎగువన ఏమి మారినదని అడుగు బాలురకు జవాబు దొరకును. నమూనాను బడిలో ఉంచువారు పలకను నడుమెత్తు బల్లపై గాక, పిల్లల కంటి మట్టమునకు ఎత్తి నిలుపవలెను. పైనుండి చూచినపుడు రాళ్లకుప్ప మాత్రమే తోచును. గర్భము మట్టమునుండి చూచినపుడు తలపైన విరిగిన కమాను, దానికి మీదుగా చెట్టుకొమ్మకు చిక్కిన గడ్డిపోచ కనబడును.