టెలిస్కోప్‌కు వీడియో కెమెరా: తక్కువ ఖర్చులో సరైన ఎంపిక

టెలిస్కోప్‌లో ఐపీస్ తీసి ఆ చోట చిన్న వీడియో కెమెరా బిగిస్తే, ఆకాశంలోని దృశ్యం ల్యాప్‌టాప్ తెర మీదికి వస్తుంది. వరుసలో నిలబడి ఒక్కొక్కరే ఒంటికన్నుతో చూసే బదులు ఇంటిల్లిపాదీ, లేదా ఒక తరగతిలోని పిల్లలందరూ, ఒకేసారి చూడవచ్చు. ఫొటోలు తీసేవారి పద్ధతి వేరు. వారు రాత్రంతా కాంతిని పోగుచేసి, మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని గంటల తరబడి బొమ్మను తీర్చిదిద్దుతారు. ప్రత్యక్ష వీక్షణలో టెలిస్కోప్‌ను గురిపెట్టిన కొద్ది సెకన్లకో, ఒకటి రెండు నిమిషాలకో బొమ్మ కనిపించాలి. ఫొటోలకు మేలైన కెమెరా దీనికీ మేలైనదే కానక్కర్లేదు. చాలామంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే.

మసక వెలుతురులో మనిషి కన్ను రంగును పట్టుకోలేదు. కాంతిని సెకనులో చిన్న భాగానికి మించి కూడబెట్టుకోనూ లేదు. అందుకే ఓరియన్ నెబ్యులా అంతటి ప్రకాశవంతమైన వాయుమేఘం కూడా చిన్న టెలిస్కోప్‌లో బూడిదరంగు పొగలాగే కనబడుతుంది. కెమెరా సెన్సర్ మీద అదే కాంతి పది సెకన్లు పడితే హైడ్రోజన్ వాయువు వెలువరించే ఎరుపు బయటపడుతుంది. నగరపు వెలుతురులో కంటికి అసలే ఆనని గెలాక్సీలను కూడా కెమెరా చూపగలదు. ఆకాశపు నేపథ్య కాంతిని సాఫ్ట్‌వేర్ కొంతమేర తీసివేయగలగడమే దీనికి కారణం.

ఈ కెమెరాలు ఇంత చౌకగా దొరకడం ఇటీవలి సంగతే. కాంతిని విద్యుత్తుగా మార్చి కొలిచే సీసీడీ చిప్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. 2009లో ఆ పనికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వారికి భాగం దక్కింది. 2000 తరవాత తొలి సంవత్సరాల్లో ఔత్సాహికులు ఫిలిప్స్ టూకామ్ ప్రో వంటి వెబ్‌క్యామ్‌ల లెన్స్ తీసి టెలిస్కోప్‌కు తగిలించారు. 640×480 పిక్సెళ్ల ఆ చిన్న సీసీడీతోనే గురుడు, శని బొమ్మలు అద్భుతంగా వచ్చేవి. ఆ తరవాత సీసీటీవీ కెమెరాల వంతు వచ్చింది. వాటిలో కొన్నింటికి సెన్స్-అప్ అనే సదుపాయం ఉండేది. సెకనుకు 50 సార్లు పంపాల్సిన బొమ్మను ఆపి, 512 రెట్ల సేపు కాంతిని కూడబెట్టి చూపడం దాని పని. అంటే సుమారు 10 సెకన్ల ఎక్స్‌పోజర్. దొంగల కోసం చీకటిలో కాపలా కాయడానికి పెట్టిన ఈ ఏర్పాటు నెబ్యులాలకు అచ్చంగా సరిపోయింది.

ఇప్పుడు మార్కెట్లో ఉన్నవన్నీ దాదాపు సీమోస్ సెన్సర్లే. నేటి సీమోస్ సెన్సర్లకు 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం బాట వేసింది. ఖగోళ కెమెరాల ధర దిగిరావడానికి మాత్రం కార్లు, నిఘా కెమెరాలు కారణం. సోనీ 2014లో కార్లలో అమర్చే కెమెరాల కోసం ఐఎంఎక్స్ 224 అనే చిప్‌ను ప్రకటించింది. రాత్రి రోడ్డును రంగుల్లో చూడగలగడం దాని ప్రత్యేకత. ఐఎంఎక్స్ 290, 462 చిప్‌లు నిఘా కెమెరాల కోసం వచ్చాయి. లక్షల సంఖ్యలో తయారయ్యే చిప్‌లు గనుకనే ఖగోళ కెమెరాల కంపెనీలు వాటిని తక్కువ ధరకు అందించగలుగుతున్నాయి.

ఈ చిప్‌ల అసలు బలం రీడ్ నాయిస్ తక్కువగా ఉండటం. సెన్సర్ నుంచి బొమ్మను చదివిన ప్రతిసారీ కొంత లోపం అందులో చేరుతుంది. దాన్ని ఎలక్ట్రాన్లలో కొలుస్తారు. పాత సీసీడీల్లో ఇది సాధారణంగా 5 నుంచి 10 ఎలక్ట్రాన్ల దాకా ఉండేది. 224, 462 వంటి చిప్‌లలో గెయిన్ (సంకేతాన్ని పెంచే అమరిక) ఎక్కువ చేసినప్పుడు ఒక ఎలక్ట్రాన్ కన్నా తక్కువకు దిగుతుంది. చదివినందుకు చెల్లించే సుంకం ఇంత స్వల్పమైనప్పుడు ఎన్నిసార్లు చదివినా నష్టం ఉండదు. రెండేసి సెకన్ల బొమ్మలు 60 తీసి కలిపితే, ఒకే 2 నిమిషాల బొమ్మకు దాదాపు సమానమవుతుంది. పాత చిప్‌తో అలా చేస్తే మసక గెలాక్సీ ఆ 60 లోపాల కిందే పూడుకుపోతుంది.

ఈ కలిపే పనిని సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే చేస్తుంది. దీన్నే లైవ్ స్టాకింగ్ అంటారు. కొత్త బొమ్మ వచ్చిన ప్రతిసారీ అందులోని నక్షత్రాలను గుర్తించి, పాతవాటి మీదికి జరిపి, అవసరమైతే తిప్పి, సగటు తీసి తెర మీద చూపుతుంది. 4 బొమ్మలు కలిస్తే ఇసుక చల్లినట్టుండే గరుకుదనం సగానికి తగ్గుతుంది, 16 కలిస్తే నాలుగో వంతుకు. గెలాక్సీ చేతులు ఒక్కొక్కటిగా తేలివస్తుంటే చూడటంలోని ఆనందం పూర్తయిన ఫొటోలో దొరకదు. విండోస్‌లో షార్ప్‌క్యాప్ ఎక్కువమంది వాడేది, దాని ఉచిత వెర్షన్‌లోనూ లైవ్ స్టాకింగ్ ఉంది. జడ్‌డబ్ల్యూఓ కంపెనీ తన కెమెరాలకు ఏఎస్ఐ స్టూడియోను ఉచితంగానే ఇస్తోంది.

కాబట్టి మెగాపిక్సెళ్ల సంఖ్య చూసి మోసపోకూడదు. ఐఎంఎక్స్ 224 ఉన్న కెమెరా ఇచ్చేది 1304×976 పిక్సెళ్లే, మెగాపిక్సెళ్లలో 1.3 కూడా నిండవు. అయితే ఒక్కో పిక్సెల్ భుజం 3.75 మైక్రాన్లు. 1.4 మైక్రాన్ల పిక్సెళ్లతో 8 మెగాపిక్సెళ్లని చెప్పే కెమెరాలూ అదే వరుసలో అమ్ముడవుతున్నాయి. 3.75 మైక్రాన్ల పిక్సెల్ వైశాల్యం దానికి 7 రెట్లు, అందుకునే కాంతీ దాదాపు అంతే ఎక్కువ. మసక వస్తువుల విషయంలో ఈ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

అంతే శ్రద్ధగా చూడాల్సిన మరో అంకె గరిష్ఠ ఎక్స్‌పోజర్. ఎస్‌వీబోనీ ఎస్‌వీ 105 చాలా చౌక, అందులోని చిప్ మంచిదే. కానీ ఆ కెమెరా ఒక్కో బొమ్మకు అర సెకను మించి కాంతిని తీసుకోదు. చంద్రుడికి, గ్రహాలకు అది చాలు, నెబ్యులాలకు చాలదు. అదే కంపెనీ ఎస్‌వీ 305లో ఐఎంఎక్స్ 290 చిప్ ఉంది, ఎక్కువ సేపు తెరిచి ఉంచే వీలూ ఉంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నా ఉపయోగంలో చాలా తేడా ఉన్న కెమెరాలివి.

కెమెరా మంచిదైనంత మాత్రాన చాలదు, అది టెలిస్కోప్‌కు తగినదై ఉండాలి. డిగ్రీలో 60వ వంతును కళ అని, కళలో 60వ వంతును వికల అని అంటారు. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని 206తో హెచ్చవేసి, మిల్లీమీటర్లలో ఉన్న నాభ్యంతరంతో (ఫోకల్ లెంగ్త్) భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని వికలల ఆకాశం పడుతుందో తెలుస్తుంది. 650 మి.మీ. నాభ్యంతరమున్న 5 అంగుళాల న్యూటోనియన్‌కు 224 చిప్ తగిలిస్తే పిక్సెల్‌కు దాదాపు 1.2 వికలలు వస్తాయి. తెర మీద కనబడేది 26×19 కళల ముక్క. చంద్రబింబం సుమారు 31 కళలు కనుక అందులో పూర్తిగా పట్టదు. ఒకటిన్నర కళ లోపే ఉండే రింగ్ నెబ్యులా చక్కగా ఇముడుతుంది. 3 డిగ్రీలు పరుచుకున్న ఆండ్రోమెడా గెలాక్సీలో మాత్రం నడిమి భాగమే దొరుకుతుంది. అదే చిప్‌ను 2032 మి.మీ. నాభ్యంతరమున్న 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రేన్‌కు పెడితే 8×6 కళలే మిగులుతాయి. అంత ఇరుకు కిటికీలోకి వస్తువును తెచ్చుకోవడమే కొత్తవారికి పెద్ద పరీక్ష.

ఫోకల్ రెడ్యూసర్ దీనికి చవకైన మందు. 0.5 రెట్ల రెడ్యూసర్‌ను కెమెరా ముక్కుకు మర తిప్పి బిగిస్తే నాభ్యంతరం సగమవుతుంది, కనిపించే ఆకాశం వెడల్పు రెట్టింపవుతుంది, అవసరమైన ఎక్స్‌పోజర్ నాలుగో వంతుకు తగ్గుతుంది. 650 మి.మీ. టెలిస్కోప్‌లో అప్పుడు 36 కళల ఒమేగా సెంటారీ గుచ్ఛం మొత్తం పడుతుంది. ఉత్తర ఐరోపా వారికి ఎన్నడూ ఉదయించని ఈ గుచ్ఛం హైదరాబాద్ అక్షాంశంలో ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన సుమారు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. తెలుగు నేల మీద లైవ్ కెమెరా ఉన్నవారు తప్పక చూడాల్సినది. అయితే రెడ్యూసర్ వేస్తే బొమ్మ ఏర్పడే చోటు టెలిస్కోప్ వైపుకు జరుగుతుంది. చాలా న్యూటోనియన్లలో ఫోకసర్ అంత లోపలికి పోదు. ఐపీస్‌లా గొట్టంలోకి దిగిపోయే సన్నటి కెమెరాలు అందుకే మేలు. కొనేముందు రెడ్యూసర్ లేకుండానైనా ఫోకస్ కుదురుతుందో లేదో అదే టెలిస్కోప్ వాడేవారిని అడగడం మంచిది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంట్ సంగతి. భూభ్రమణం వల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 వికలలు జరుగుతుంది. రెడ్యూసర్ లేని 650 మి.మీ. టెలిస్కోప్ లెక్క ప్రకారం అది సెకనుకు 12, 13 పిక్సెళ్లు. అర సెకను ఎక్స్‌పోజర్‌లోనే నక్షత్రం గీతగా మారుతుంది, రెండు నిమిషాల్లోపే తెర దాటిపోతుంది. చేత్తో తిప్పే డాబ్సోనియన్ ఉన్నవారికి ఎంత మంచి కెమెరా అయినా చంద్రుడు, గ్రహాల వరకే పనికొస్తుంది. నక్షత్రాలను వెంబడించే మోటారున్న మౌంట్ ఉంటేనే నెబ్యులాల ఆశ పెట్టుకోవాలి. ఖరీదైన ఈక్వటోరియల్ మౌంటే కావాలన్న నియమం లేదు. పైకీ పక్కకీ మాత్రమే తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంట్ మీద దృశ్యం మెల్లగా తిరుగుతుంది, కానీ 5 నుంచి 10 సెకన్ల బొమ్మల్లో ఆ తిరుగుడు అంతగా తెలియదు. కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేస్తుంది.

గ్రహాలకు లెక్క వేరు. అవి ప్రకాశవంతమైనవి, ఎక్స్‌పోజర్ సెకనులో చిన్న వంతు చాలు. కావలసింది వేగం, పెద్ద బొమ్మ. గురుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు కూడా 45 నుంచి 50 వికలలే ఉంటాడు. అందుకని నాభ్యంతరాన్ని పెంచే బార్లో లెన్స్‌తో ఫోకల్ నిష్పత్తిని (నాభ్యంతరాన్ని టెలిస్కోప్ వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) మైక్రాన్లలో ఉన్న పిక్సెల్ పరిమాణానికి 5 రెట్లదాకా తీసుకువెళతారు. 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న 462 చిప్‌కు ఎఫ్/15 దగ్గర సరిపోతుంది. సెకనుకు వందకు పైగా బొమ్మలు కావాలంటే యూఎస్‌బీ 3 కనెక్షన్ ఉండాలి. నెబ్యులాలకు ఆ వేగం అక్కర్లేదు.

రంగు కెమెరానా, నలుపు-తెలుపుదా అన్న ప్రశ్నకు ప్రత్యక్ష వీక్షణ వరకు రంగుదే సరైన జవాబు. ఫిల్టర్లు మారుస్తూ మూడు రంగులు వేరువేరుగా తీసే ఓపిక చూడటానికి వచ్చినవారికి ఉండదు. 462 చిప్ పరారుణ కాంతిని కూడా బాగా పట్టుకుంటుంది. కెమెరా అద్దంలోనే పరారుణాన్ని ఆపే ఫిల్టర్ లేకపోతే విడిగా ఒకటి కొనుక్కోవాలి, ముఖ్యంగా లెన్స్ టెలిస్కోప్ ఉన్నవారు. లేకుంటే నక్షత్రాలు ఉబ్బి, రంగులు పాలిపోతాయి.

వేసవి రాత్రులు వేడిగా ఉండే మన ప్రాంతంలో మరో చిక్కుంది. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు 6, 7 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దానిలో పుట్టే చీకటి విద్యుత్తు రెట్టింపవుతుంది, తెర నిండా తెల్లటి చుక్కలు తేలుతాయి. చల్లబరిచే కెమెరాలు బడ్జెట్ దాటిపోతాయి. చిన్న ఎక్స్‌పోజర్లు వాడటం, టెలిస్కోప్‌కు మూతపెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో డార్క్ బొమ్మలు తీసి సాఫ్ట్‌వేర్‌తో తీసివేయించడం చాలామట్టుకు పని చేస్తాయి. సూర్యుణ్ణి చూడాలంటే మాత్రం టెలిస్కోప్ ముందు ద్వారం పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ తప్పనిసరి. కన్ను ఐపీస్ దగ్గర లేకపోయినా ఫిల్టర్ లేని టెలిస్కోప్ కెమెరాను క్షణాల్లో కాల్చేస్తుంది.

ధరల విషయానికొస్తే, అంతర్జాతీయ మార్కెట్లో అర సెకను తరగతి కెమెరాలు సుమారు 50 డాలర్లకు, 290 చిప్ ఉన్నవి వంద దాటి, 224, 462 చిప్‌ల కెమెరాలు 250 డాలర్ల చుట్టుపక్కల అమ్ముడయ్యాయి. మన దేశానికి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు అదనం. అసలు టెలిస్కోపే లేనివారు కెమెరా విడిగా కొనే ముందు 2023లో వచ్చిన సీస్టార్ ఎస్ 50 వంటి స్మార్ట్ టెలిస్కోప్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సుమారు 500 డాలర్లకు అమ్ముడైన ఆ పరికరంలో 50 మి.మీ. లెన్స్, మోటార్లు, ఇదే 462 చిప్ కలిసి ఉన్నాయి. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫోన్ చాలు. ఇప్పటికే మోటారున్న 5, 6 అంగుళాల టెలిస్కోప్ చేతిలో ఉన్నవారికి మాత్రం 462 చిప్ ఉన్న రంగు కెమెరా, 0.5 రెడ్యూసర్ కలిపి కొనడం ఈ ధరల్లో అన్నిటికన్నా మంచి ఎంపిక. డాబ్సోనియన్ ఉన్నవారు అంత ఖర్చు పెట్టకుండా 50 డాలర్ల కెమెరాతో ఆగి, మిగిలిన డబ్బును మౌంట్ కోసం దాచుకోవడం మేలు.