ముద్దుమాట మొరటుమాట అయిన వైనం

మొన్న మా అబ్బాయి బడినుంచి వచ్చి, సంచీ మూలన పడేసి, "మా బళ్లో ఒకడున్నాడమ్మా, పెద్ద బుల్లీ!" అన్నాడు. వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తి, "బుల్లివాడైతే పెద్దవాడెలా అవుతాడురా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వాడికి మాత్రం కళ్లనీళ్లు వచ్చాయి.

అప్పుడు బయటపడింది సంగతి. వారం రోజులుగా వాడి టిఫిన్ డబ్బా పైక్లాసు పిల్లవాడొకడు లాక్కుని తినేస్తున్నాడట. రోజూ డబ్బా ఖాళీగా వస్తోంది కదా అని నేను సంతోషిస్తున్నాను! ఇంటికి రాగానే ఆకలి, ఆకలి అని ఎందుకంటున్నాడో ఆలోచించనే లేదు.

ఆ రాత్రి పనులన్నీ అయ్యాక ఈ 'బుల్లీ' ఎక్కడిదా అని పుస్తకాలు తిరగేశాను. మన బుల్లోడికీ, బుల్లెమ్మకీ దీనితో ఏ చుట్టరికమూ లేదు. కానీ విచిత్రం చూడండి, ఒకప్పుడు ఇదీ ముద్దుమాటేనట! 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ప్రియమైనవాళ్లను, ఆడైనా మగైనా, 'బుల్లీ' అని పిలుచుకునేవారు. ప్రియుడు, సోదరుడు అనే అర్థాలున్న పాత డచ్చి మాట నుంచి ఇది వచ్చి ఉంటుందని భాషావేత్తలు అంటారు. షేక్స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో బాటమ్ అనే నేతగాడిని అతని స్నేహితులు ఆప్యాయంగా పిలిచేది 'బుల్లీ' అనే.

ప్రియమైనవాడు కాస్తా 'భలేవాడు' అయ్యాడు. భలేవాడు బోర విరుచుకు తిరిగే డాంబికుడయ్యాడు. 17వ శతాబ్దం ముగిసేసరికి బలహీనుల్ని బెదిరించి ఏడిపించేవాడు అయ్యాడు. పాత మంచి అర్థం పూర్తిగా చావలేదు సుమండీ! 1901 నుంచి 1909 వరకు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్, తనకు ఏదైనా నచ్చితే 'భేష్' అన్నట్టుగా 'బుల్లీ' అనేవాడు.

మాట పుట్టుక సరే, ఇవాళ దాని అర్థమేమిటి? పిల్లలన్నాక కొట్టుకోరా అంటాం. నేనూ అలాగే అనేదాన్ని. అయితే సమవుజ్జీలు ఇద్దరు బొంగరం కోసం జుట్టు పట్టుకుంటే అది తగువు. ఇద్దరూ నవ్వుతుంటే ఆటపట్టించడం. ఒకడే నవ్వుతూ, రెండోవాడు రోజూ ఏడుస్తుంటే అది వేరు. 1970ల నుంచి దీన్ని పరిశోధించిన డాన్ ఓల్వెయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, ఎదుటివాడు తిరగబడలేనంత బలం తేడా ఉండడం. బలమంటే కండబలమే కాదు. నలుగురూ కలిసి ఒక పిల్లను ఆటలోకి రానివ్వకపోవడమూ, సెల్‌ఫోనులో గేలిచేస్తూ సందేశాలు పంపడమూ ఇందులోవే.

ఇలాంటప్పుడు "నువ్వూ నాలుగు తగిలించు" అంటే లాభం లేదు. తిరగబడే బలముంటే వాడు మన దగ్గరకొచ్చి ఏడవడు కదా! ముందు వాడు చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. "తప్పు నీది కాదు" అనాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో రాసుకుని టీచరుతో నెమ్మదిగా మాట్లాడాలి. నేను అదే చేశాను.

ఇంకొక్క మాట. ఆ పైక్లాసు పిల్లవాడూ ఎవరో తల్లికి ముద్దులబిడ్డే. మన ఇంటి ముద్దు వీధిలో మరొకరి పాలిట మొరటు కావచ్చు. 'బుల్లీ' అనే మాటకు పట్టిన గతి మన పిల్లలకు పట్టకుండా చూసుకోవలసింది మనమే. మన పిల్లవాడిమీద ఎవరైనా ఫిర్యాదు తెస్తే, "మావాడు అలాంటివాడు కాదు" అని తలుపు వేసుకోకుండా, ఒక్కసారి వాణ్ణి కూర్చోబెట్టి అడుగుదాం.

ఇప్పుడు మా అబ్బాయి డబ్బా ఖాళీగానే వస్తోంది. అయినా రోజూ అడుగుతున్నాను, "ఎవరు తిన్నార్రా?" అని. "నేనే" అంటున్నాడు. ఇంటికి రాగానే ఆకలి అనడం లేదు కాబట్టి నమ్ముతున్నాను.

సెలవు.