ముందుపంటికి సిమెంటు ఎందుకు నిలుస్తుంది? ఎలా కలిసిపోతుంది?

"పోరగాడు సైకిల్ మీదికెల్లి పడ్డడు సారూ, ముందుపన్ను ఇరిగింది. సిమెంటు పెడితే ఊసిపోదా?"

సిమెంటు అన్నది వాడుక మాటే. ముందుపళ్లకు పెట్టేది సన్నని గాజుపొడి కలిపిన రెజిన్, దాని పేరు కాంపోజిట్. అది పంటికి పట్టుకునే తీరు తెలియాలంటే మేస్త్రిని చూడండి. నున్నని పాత గోడకు ప్లాస్టరింగ్ చేసేముందు ఉలితో గాట్లు కొడతాడు. పంటి మీద ఆ పని ఆమ్లం చేస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే పంటి పైపొర అయిన ఎనామెల్‌కు రెజిన్ గట్టిగా అంటుకుంటుందని 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనకోర్ చూపించాడు. ఇప్పుడు సుమారు 37 శాతం గాఢత ఉన్న జెల్‌ను కొన్ని సెకన్లు ఉంచి కడుగుతారు. ఆరబెడితే ఎనామెల్ సుద్దలా తెల్లబడుతుంది. ఆమ్లం చేసిన, కంటికి కనపడని రంధ్రాల్లోకి పల్చని బాండింగ్ ద్రవం దిగి గట్టిపడుతుంది. కాంపోజిట్ దానిమీద కూర్చుంటుంది.

మరి ఊడేది ఎందుకు? చాలాసార్లు తడి వల్ల. ఆమ్లం పెట్టి కడిగాక ఒక్క ఉమ్మి చుక్క, చిగురు నుంచి కాస్త రక్తం తగిలినా పట్టు పోతుంది. అందుకే పంటి చుట్టూ రబ్బరు షీటు బిగిస్తారు. చిగుళ్లు వాచి ఉంటే ముందు క్లీనింగ్ చేసి, వాపు తగ్గాక రమ్మంటారు. అది తిప్పించుకోవడం కాదు.

రంగు మాత్రం రబ్బరు షీటు వేయకముందే చూడాలి. ఆరిన పన్ను అసలుకన్నా తెల్లగా కనిపిస్తుంది. దానికి సరిపోల్చి పెడితే మర్నాటికి పన్ను తన రంగుకు వస్తుంది, ఫిల్లింగ్ తెల్లగా మిగిలిపోతుంది. తడి పంటి మీద చిటికెడు కాంపోజిట్ ఉత్తినే పెట్టి, కాంతితో గట్టిపరిచి, పగటి వెలుతురులో చూసి తీసేసే డాక్టరు దొరికితే అదృష్టమే.

ఒకే రంగు ముద్ద పెడితే చాలదా? చాలదు. పంటి లోపలి డెంటిన్ పసుపు ఛాయలో మందంగా ఉంటుంది, పైన ఎనామెల్ కాంతిని లోపలికి రానిస్తుంది. కాబట్టి ముందే తీసుకున్న సిలికాన్ అచ్చును వెనక ఆనించి, మొదట ఎనామెల్ రకంతో పల్చని వెనకగోడ కడతారు. నడుమ డెంటిన్ రంగు, పైన మళ్లీ ఎనామెల్. పక్కపంటికి అంటకుండా మధ్యలో పారదర్శక పట్టీ పెడతారు. విరిగిన అంచును ముందే ఏటవాలుగా చెక్కుతారు, లేదంటే అతుకు గీతలా కనిపిస్తుంది. ఒక్కో పొర 2 మిల్లీమీటర్లు దాటకూడదు. నీలికాంతి అంతకన్నా లోతుకు సరిగా చేరదు, పైగా గట్టిపడేటప్పుడు కాంపోజిట్ కుంచించుకుంటుంది.

ఇక పాలిష్. నాపరాయి పని తెలిసిన తాండూరు వాళ్లకు దీన్ని నేను వివరించనక్కర్లేదు. నాపరాయికి గరుకు రాయి, తర్వాత మెత్తనిది, ఆ తర్వాత ఇంకా మెత్తనిది. మధ్యలో ఒక్కటి ఎగ్గొడితే మెరుపు కిందే గీతలు మిగులుతాయి. పంటికీ అంతే, ముతక డిస్కు నుంచి సన్నదాకా వరస తప్పకూడదు. మిగిలిన గీతల్లో చాయ్, పసుపు మరకలు పడతాయి. నా లెక్కలో పనితనం తేలేది ఇక్కడే, తొందరపడేదీ ఇక్కడే. తొందర లేని చోటు కావాలంటే వికారాబాద్‌లో శ్రీసాయి డెంటల్ కాలేజీ ఉంది. ఏ డెంటల్ కాలేజీకి వెళ్లినా పొద్దుపోతుందని జనం విసుక్కుంటారు. ముందుపంటి విషయంలో ఆలస్యం అంత చెడ్డదేం కాదు.

పని అయ్యాక కూడా చెరకు, మక్క కంకులు ఆ పంటితో కొరకొద్దు. విరిగిన ముక్క దొరికితే పారేయకండి. ఎండిపోకుండా నీళ్లలోనో పాలలోనో వేసి తీసుకెళ్తే, అంచులు సరిగ్గా కలిసినప్పుడు దాన్నే అతికిస్తారు. అప్పుడు రంగు వెతుక్కునే పనే ఉండదు.