కంప్యూటరు పనిముట్టుకు వివరపత్రం ఎందుకు?



పాలసేకరణ కేంద్రాలలో తూకం, వెన్న శాతం, పది రోజుల బిల్లు కంప్యూటరులోకి ఎక్కి చాలాకాలమైంది. ఇప్పుడు దానికి తోడుగా కృత్రిమ మేధ ఏజెంట్లు వస్తున్నాయి. "ఫలానా సభ్యురాలికి ఈ పది రోజులకు ఎంత రావాలి?" అని మామూలు మాటల్లో అడిగితే, ఏజెంటు లెక్కల ప్రోగ్రాములోని పనిముట్లలో తగినది తానే ఎంచుకొని, నడిపించి జవాబు చెబుతుంది.

ఏ పనిముట్టు ఎందుకో దానికెలా తెలుస్తుంది? రాసి పెట్టిన వివరం చదివే తెలుసుకుంటుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిలో ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, అది చేసే పని వివరణ, దానికి ఇవ్వవలసిన అంశాల పట్టిక ఉంటాయి. ఏజెంటుకు ఆ మాటలే ఆధారం.

మేము ఒకసారి ఒక సంఘం తనిఖీకి వెళ్లాము. పాల రిజిస్టరులో ఒక గడికి 'పరిమాణం' అని మాత్రమే శీర్షిక ఉంది. పాత కార్యదర్శి లీటర్లలో రాసేవారు. కొత్తగా వచ్చినవారు కిలోలనుకొని, కిలో ధరతో బిల్లు కట్టారు. లీటరు పాలు సుమారు కిలో 30 గ్రాములు తూగుతాయి. అంటే 100 లీటర్లు పోసిన రైతుకు దాదాపు 3 కిలోల పాల ధర తగ్గిపోయింది. ఎవరూ దొంగిలించలేదు. శీర్షికలో ఒక్క మాట లోపించింది, అంతే.

కొత్త కార్యదర్శి కనీసం పాతవారి ఇంటికి వెళ్లి అడగగలడు. ఏజెంటు చాలాసార్లు అడగకుండా ఊహించి ముందుకు పోతుంది. పైగా అదే తప్పును క్షణంలో అందరి ఖాతాల్లోనూ చేయగలదు. కావున వివరపత్రంలో ఈ క్రింది అంశాలు తప్పక ఉండాలి.

1. పని, హద్దు: "బిల్లు" అని ముక్తసరిగా రాయరాదు. "ఒక సభ్యుని పది రోజుల బిల్లును చూపుతుంది, కొత్త బిల్లు తయారు చేయదు" అని రాయాలి. ఏ పనికి వాడకూడదో కూడా చెప్పాలి.

2. కొలతలు: లీటరా, కిలోనా? ఆవు పాలా, గేదె పాలా? ఉదయం పూటా, సాయంత్రం పూటా? 03-04-2025 అంటే ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? లాక్టోమీటరు రీడింగు నుంచి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే సూత్రంలో చివర కలిపే అంకె అన్నిచోట్లా ఒకటి కాదు. ఏది వాడారో రాయాలి.

3. ఖాళీకి అర్థం: పరీక్ష చేయని పూటకు వెన్న గడిలో సున్నా చూపితే, పాలలో వెన్నే లేదని ఏజెంటు లెక్క వేస్తుంది. "పరీక్ష జరగలేదు" అని వేరుగా రావాలి.

4. తప్పు సందేశం: "తప్పు 104" అంటే ఎవరికీ ప్రయోజనం లేదు. "ఈ సభ్య సంఖ్య జాబితాలో లేదు, నాలుగు అంకెలతో ఇవ్వండి" అంటే సరిదిద్దుకొనే దారి దొరుకుతుంది.

5. చూడటం, మార్చడం: ఖాతాను మార్చే పనిముట్లను విడిగా గుర్తించాలి. ఒకే కాలానికి రెండుసార్లు చెల్లింపు ఆదేశం ఇస్తే ఏమవుతుందో రాయాలి. డబ్బు కదిలే చోట కార్యదర్శి అనుమతి లేనిదే పని జరగకుండా ప్రోగ్రాములోనే కట్టడి ఉండాలి. వివరపత్రంలో "జాగ్రత్త" అని రాసినంత మాత్రాన చాలదు.

ఒక ఉదాహరణ బిల్లును లెక్కతో సహా జతచేస్తే మరీ మేలు. ప్రోగ్రాము మారినప్పుడు వివరపత్రమూ అదే రోజు మారాలి. పాత వివరం అసలు వివరం లేకపోవడం కన్నా ప్రమాదం.

పరీక్ష సులభమే. ఇదివరకు చేతితో సరిచూసిన పది బిల్లులను ఏజెంటును అడిగి, జవాబులు పోల్చండి. తేడా వస్తే ముందుగా వివరపత్రం చదవండి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

ప్రోగ్రాము కొనే ముందు వివరపత్రం చూపమని పాలకవర్గం అడగాలి. సర్వసభ్య సమావేశంలో సభ్యులూ అడగవచ్చు. తెల్లవారుజామున పితికి తెచ్చిన పాలకు సరైన పైకం అందాలంటే, ఆ లెక్క స్పష్టమైన మాటల్లో రాసి ఉండాలి.